గోడ మీదుగా అందిన కొమ్మలు

మొక్క కావాలంటే ఎవరినైనా అడిగి కొమ్మ తెచ్చుకునే రోజులవి. గోడవతల ముద్దమందారం విరగబూసి కనిపిస్తే ఆగి, "ఓ కొమ్మ ఇస్తారా పిన్నిగారూ?" అనడమే. ఆవిడ చాకు పట్టుకొచ్చి, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, చేతికందిన కొమ్మను వదిలేసి, వెతికి వెతికి ఒకదాన్ని కోసి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చేవారు. అది బతికితే ఆవిడ హస్తవాసి అనేవారు. ఎండిపోతే నాటినవాళ్ల చెయ్యి మంచిది కాదనేవారు.

ఆ హస్తవాసి చేతిలో కంటే కళ్లలో ఎక్కువ ఉండేది. ఏ కొమ్మ కొయ్యాలి, ఏ పూట కొయ్యాలి, కణుపుకు ఎంత కింద కొయ్యాలి, ఎన్ని ఆకులు ఉంచాలి, ఏ మూలన గుచ్చాలి. ఇవన్నీ కుదిరినవాళ్ల కొమ్మలే బతికేవి. ఎందుకని అడిగితే చెప్పేవారు కాదు, "అంతే, అలా చెయ్యాలి" అనేవారు. ఇప్పుడు కారణాలు తెలుసు కాబట్టి, ఆ పాత పద్ధతుల్లో ఏది నిజంగా పనిచేసేదో, ఏది ఉత్త నమ్మకమో విడదీసి చెప్పుకోవచ్చు.

కోసిన కొమ్మకు ఆకు ఉంది, వేరు లేదు. ఆకు నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటుంది. కింద నుంచి అందేది మాత్రం కోసినచోట పీల్చుకున్న కాస్త తడే. వేరు పుట్టేలోపు కొమ్మ ఎండిపోకూడదు, అలాగని తడి ఎక్కువై కుళ్లిపోనూ కూడదు. కష్టమంతా ఆ గడువులోనే. చేసే ప్రతి జాగ్రత్తా ఆ గడువును తగ్గించడానికో, అందాకా కొమ్మను నిలబెట్టడానికో.

పిన్నిగారు చెట్టు చుట్టూ తిరిగింది పూత లేని కొమ్మ కోసం. మొగ్గ తొడిగిన కొమ్మ తన నిల్వనంతా పువ్వుకే పెడుతుంది, వేరుకు మిగిలేది తక్కువ. పూత లేనిది దొరక్కపోతే మొగ్గలూ పూలూ తుంచేసి నాటాలి. ఎరువు బాగా తిని, నీరుపట్టి, ఏపుగా సాగిన కొమ్మ చూడ్డానికి బలంగా ఉంటుంది గానీ కోసి నాటడానికి పనికిరాదు. నత్రజని ఎక్కువై, పిండిపదార్థం నిల్వ తక్కువైన కొమ్మ అది. కణుపులు దగ్గర దగ్గరగా ఉండి, ఎండ తగిలే పక్కకొమ్మ మేలు. మరో సంగతి: చెట్టు మొదలు దగ్గర పుట్టిన కొత్త కొమ్మలు పైకొమ్మల కంటే త్వరగా వేరు పడతాయి. మొదలు దగ్గర లేతదనం మిగిలి ఉంటుంది, పూతకొచ్చిన పైకొమ్మల్లో అది పోతుంది. మొండికేసే చెట్టు నుంచి కొమ్మ కావాలంటే ముందు దాన్ని బాగా కిందకి నరికి, కొత్త చిగుర్లు వచ్చాక వాటిని తీసుకోవడం తోటమాలులు ఎప్పటినుంచో చేస్తున్న పనే.

కొమ్మ ముదురూ లేతా తెలుసుకోవడానికి వంచి చూసేవారు. లేత కొమ్మ పుటుక్కున విరుగుతుంది. నడితరం కొమ్మ వంగుతుంది, గట్టిగా వంచితే విరిగినా బెరడు పట్టుకుని వేలాడుతుంది. కింద గోధుమరంగు తిరుగుతూ పైన ఇంకా పచ్చగా ఉంటుంది. ముదురు కొమ్మ వంగదు. తులసి, పుదీనా, చామంతి, కోలియస్ లేత కొనలతోనే వస్తాయి. 8 నుంచి 10 సెంటీమీటర్ల ముక్క చాలు. మందారం, గులాబీ, మల్లె, నందివర్ధనం, గన్నేరు, క్రోటన్‌కు నడితరం కొమ్మ కావాలి, పొడవు 12 నుంచి 15 సెంటీమీటర్లు. దానిమ్మ, అంజూర, ద్రాక్ష, కాగితం పూలకు పెన్సిల్ మందం ముదురు కొమ్మ, 15 నుంచి 20 సెంటీమీటర్లు. మునగైతే ఏకంగా చేయి మందం కొమ్మనే పాతుతారు. మామిడి లాంటివి ఈ దారికి రావు, వాటికి అంటుకట్టడమే.

కోసే పూట విషయంలో పాతవాళ్లది నిక్కచ్చి మాట: పొద్దున్నే, ఎండెక్కకముందు. రాత్రంతా నీళ్లు తాగి చెట్టు బిర్రుగా ఉండేది అప్పుడే. ముందురోజు సాయంత్రం చెట్టు మొదట్లో ఓ బకెట్ నీళ్లు పోస్తే ఇంకా మంచిది. మధ్యాహ్నం వాడిన కొమ్మను కోసి నీళ్లలో పెట్టి తేర్చుకోవచ్చనుకోవడం భ్రమ. నీటి నాళాల్లో గాలి చొరబడితే అది మళ్లీ పూర్తిగా తేరుకోదు. దూరం తీసుకెళ్లాలంటే తడిగుడ్డలోనో తడి కాగితంలోనో చుట్టి, ఆపైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నీడన ఉంచాలి. గుడ్డ పిండితే నీళ్లు కారకూడదు, తడి తగలాలి, అంతే.

చాకు పదునుగా ఉండాలి. మొండి కత్తెర కొమ్మను కోయదు, నలిపేస్తుంది. నలిగిన కణాలు చచ్చి, అక్కడ్నుంచే కుళ్లు మొదలవుతుంది. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్లేముందు బ్లేడును స్పిరిట్‌తో తుడవాలి. అడుగుకోత కణుపుకు అర సెంటీమీటరు కింద, ఏటవాలుగా. పైకోత కణుపుకు ఓ సెంటీమీటరు పైన, అడ్డంగా. కణుపు దగ్గరే ఎందుకంటే చాలా మొక్కల్లో వేర్లు సులువుగా పుట్టేది అక్కడే. పైగా కాడ బోలుగా ఉండే మొక్కల్లో కణుపు దగ్గర కాడ గట్టిగా మూసుకుని ఉంటుంది, కుళ్లు లోపలికి అంత తేలిగ్గా వెళ్లదు. ఏటవాలు, అడ్డం అని తేడా పెట్టడంలో ఇంకో లాభం ఉంది. ఆకులన్నీ తీసేసిన ముదురు కొమ్మల కట్టలో ఏది తల, ఏది మొదలు అన్నది కాసేపటికి ఎవరికీ తెలియదు. ఏటవాలుది భూమిలోకి అని పెట్టుకుంటే తలకిందులు కావు.

తలకిందులైతే ఏమవుతుంది? కొమ్మ తన మొదలేదో మర్చిపోదు. తిరగేసి పాతినా చెట్టు మీద కిందుగా ఉన్న కొసకే వేరు వేయాలని చూస్తుంది, అదేమో గాలిలో ఉంటుంది. చిగురు నుంచి మొదలు వైపు ఒకే దిశలో దిగే ఆక్సిన్ అనే పదార్థం వల్ల ఇలా జరుగుతుంది. మొక్క మొలకల కొసలో ఇలాంటి పదార్థం ఉందని 1926లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఫ్రిట్స్ వెంట్ ఓట్ మొలకలతో చూపించాడు. కోసిన మొలక కొసల్ని అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) ముక్కల మీద కాసేపు ఉంచి, తర్వాత ఆ ముక్కను మాత్రమే తల తీసిన మొలక మీద పక్కకు పెడితే అది అవతలి వైపుకు వంగింది. అంతకు చాలాకాలం ముందే యూరప్‌లో కొందరు తోటమాలులు కొమ్మ అడుగును చీల్చి అందులో ధాన్యపు గింజ ఇరికించి నాటేవారు. చూసినవాళ్లకు మూఢనమ్మకంలా ఉండేది. మొలకెత్తే గింజ ఆక్సిన్‌ను వదులుతుంది, అది కొమ్మకు అందేది!

ఆకుల లెక్క దగ్గర రెండు వైపులా తప్పులు జరుగుతాయి. ఆకులన్నీ ఉంచితే కొమ్మ ఒక్క రోజులో వాలిపోతుంది. అన్నీ దూసేస్తే నీటి నష్టం తగ్గుతుంది గానీ, లేత, నడితరం కొమ్మలకు తిండి తయారుచేసి పెట్టేదీ, ఆక్సిన్ పంపేదీ ఆ ఆకులూ చిగురే. పైన రెండు మూడు ఆకులుంచి కిందవి తీసేయాలి. పెద్ద ఆకులైతే, అంటే మందారం, క్రోటన్ లాంటివైతే, ఆకును అడ్డంగా సగానికి కోయాలి. మట్టిలోకి వెళ్లే భాగంలో ఒక్క ఆకు కూడా ఉండకూడదు, అది కుళ్లి కాడను కూడా కుళ్లబెడుతుంది. ఆకు రాల్చే జాతుల ముదురు కొమ్మలకు ఈ బాధ లేదు. ఆకులు రాలి నిద్రలో ఉన్నప్పుడు కోసినవే వాటికి శ్రేష్ఠం, కావలసిన తిండి చెక్కలోనే నిల్వ ఉంటుంది. వాటి పైకోత మాత్రం ఆరిపోకుండా మూయాలి. పాతవాళ్లు బంకమట్టి ముద్ద పెట్టేవారు, ఇప్పుడు కరిగిన కొవ్వొత్తి మైనం చుక్క వేస్తున్నారు. రెండూ ఒకటే పని చేస్తాయి.

ఇక మట్టి. మంచి ఎరువు కలిపిన నల్లమట్టిలో పెడితే కొమ్మ సంతోషిస్తుందనుకుంటారు. వేరంటూ లేని కొమ్మ ఆ ఎరువును ఏం చేసుకుంటుంది? ఎరువులోని లవణాలు కోతను కాలుస్తాయి, మాగని ఎరువులోని శిలీంధ్రాలు కుళ్లబెడతాయి. కావలసింది తడి ఆరని, నీరు నిలవని, గాలి ఆడే ఆధారం మాత్రమే. గరుకు ఇసుక ఒక వంతు, కొబ్బరి పీచుపొడి ఒక వంతు, కొలత పాత్రతో సమంగా. పీచుపొడిని ముందు రెండుసార్లు నానబెట్టి పిండెయ్యాలి, అందులో ఉప్పు ఉంటుంది. ఇసుకను నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. సన్నని ప్లాస్టరింగ్ ఇసుక వద్దు, అది సిమెంటులా గడ్డకట్టి గాలిని ఆపేస్తుంది. సముద్రపు ఇసుక అసలే వద్దు. దొరికితే ఇసుక బదులు పెర్లైట్, అంటే వేడికి ఉబ్బించిన తెల్లటి రాతి గుళికలు, వాడొచ్చు, తూకం తేలిక. కలిపిన మిశ్రమాన్ని గుప్పిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే తడి ఎక్కువ, విప్పగానే పొడిగా విడిపోతే తక్కువ.

పాత తోటల్లో కొమ్మల్ని కుండీ మధ్యలో గుచ్చేవారు కాదు, మట్టికుండీ అంచు వెంబడి, గోడకు ఆనుకునేలా గుచ్చేవారు. దీన్ని ఇప్పటి ప్లాస్టిక్ కుండీల తరం మర్చిపోయింది. కాల్చిన మట్టిగోడ గుండా గాలి వస్తుంది, అదనపు తడి పోతుంది. కుండీ నడుమ ఇసుక తడిసి ముద్దగా ఉన్నప్పుడు కూడా గోడ పక్కన కొమ్మ మొదలుకు ఊపిరాడుతుంది. ఇంకో కారణం కూడా ఉంది: ఏ కుండీలోనైనా అడుగున కొన్ని సెంటీమీటర్ల మేర నీరు దిగకుండా పట్టి ఉంటుంది. లోతు తక్కువ ట్రేలో కొమ్మ గుచ్చితే దాని మొదలు నేరుగా ఆ ముంపులోకే వెళ్తుంది. కుండీ 12 సెంటీమీటర్ల లోతైనా ఉండి, కొమ్మ అడుగుకూ కుండీ అడుగుకూ మధ్య 5 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి.

ఆ రోజుల్లోని ఉపాయాల్లో నిజంగా మెచ్చుకోవలసింది కుండీలో కుండీ. ఇప్పటికీ దీన్ని మించినది ఇంట్లో చేసుకోవడం కష్టం. సుమారు 25 సెంటీమీటర్ల వెడల్పు కుండీ ఒకటి తీసుకుని, అడుగు రంధ్రం మీద పెంకు పెట్టి, పైన చెప్పిన ఇసుక, పీచుపొడి మిశ్రమం నింపుతారు. నడుమ 8 లేదా 10 సెంటీమీటర్ల చిన్న మట్టికుండీ దించుతారు. రంగు వేసినదో, మెరుగు పెట్టినదో అయితే పనికిరాదు, ఉత్త కాల్చిన మట్టిదే కావాలి. ఆ చిన్నదాని అడుగు రంధ్రాన్ని బిరడాతోనో సిమెంటుతోనో గట్టిగా మూసి, అంచు వరకు నీళ్లు పోస్తారు. రెండు కుండీల మధ్య వలయంలో కొమ్మలు గుచ్చుతారు. చిన్న కుండీ గోడ చెమర్చినట్టు నీటిని బయటకు వదులుతుంది. ఇసుక ఆరిన కొద్దీ తాగుతుంది, తడిగా ఉంటే ఆపుతుంది. పైనుంచి రోజూ నీళ్లు పోసి కొమ్మల్ని కదిలించే పని ఉండదు. చిన్న కుండీలో నీరు తగ్గితే నింపడమే. ఒక్కటే లోపం: నీటిలో సున్నం ఎక్కువుంటే కొంతకాలానికి గోడ రంధ్రాలు పూడుకుపోయి తెల్లటి పొర కడుతుంది. అప్పుడు దాన్ని వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి రుద్దాలి.

గుచ్చేటప్పుడు కొమ్మతోనే మట్టిని పొడవకూడదు. ముందు పుల్లతో బొక్క చేసి, అందులో కొమ్మ దించి, రెండు వేళ్లతో చుట్టూ గట్టిగా నొక్కాలి. మొదలు చుట్టూ గాలిసందు మిగిలితే అక్కడ తడి తగలదు, వేరు రాదు. కనీసం రెండు కణుపులు లోపలికి, రెండు పైకి. కొమ్మల మధ్య ఆకులు ఒకదానికొకటి తగిలీ తగలనట్టు ఉంటే చాలు. పాతవాళ్లు గుంపుగా గుచ్చడం పిసినారితనం వల్ల అనుకోకండి, గుంపులో గాలి తేమగా ఉంటుంది.

పైన మూత. గులాబీ కొమ్మ మీద గాజుసీసా బోర్లించడం అందరికీ తెలిసిన పాత బొమ్మ. 1829లో లండన్‌లో నథానియల్ బాగ్‌షా వార్డ్ అనే వైద్యుడు ఓ చిమ్మట (మాత్) ప్యూపాను, అంటే రెక్కలు రాకముందు దశలో ఉన్న పురుగును, తడిమట్టితో పాటు మూతపెట్టిన సీసాలో ఉంచితే, అందులో గడ్డీ ఫెర్న్ మొక్కా మొలిచాయి. నీళ్లు పోయకపోయినా అవి బతికాయి. ఆవిరై గాజుకు పట్టిన నీరే మళ్లీ కిందికి కారేది. 1833లో ఆయన గాజుపెట్టెల్లో పెట్టిన మొక్కలు లండన్ నుంచి సిడ్నీ దాకా ఓడలో సజీవంగా చేరాయి. ఇంట్లో మనకు కావలసిందల్లా అడుగు కోసిన నీళ్ల సీసానో, నాలుగు పుల్లల మీద నిలబెట్టిన ప్లాస్టిక్ సంచో. సంచి ఆకులకు తగలకూడదు, తగిలినచోట బూజు పడుతుంది. రోజుకోసారి పది నిమిషాలు మూత తీసి గాలి మార్చాలి. అన్నిటికంటే ముఖ్యం: మూత పెట్టినదాన్ని నేరుగా ఎండలో ఉంచకూడదు. గంట సేపటికే లోపల కొమ్మ ఉడికిపోతుంది. వెలుతురు బాగా పడే నీడ కావాలి, చీకటి గది కాదు. వేరుకు అడుగున వెచ్చదనం కావాలి, 21 నుంచి 25 డిగ్రీల సెల్సియస్. చలి రోజుల్లో వేరు ఆలస్యం కావడానికి కారణం ఎక్కువగా ఇదే.

కోత దగ్గర లోపల ఏం జరుగుతోందో ఒకసారి చూడాలి. మందారం కొమ్మను కొన్ని రోజులాగి మెల్లగా పైకి తీస్తే, కోత అంచు చుట్టూ బెరడుకూ చెక్కకూ నడుమ నుంచి పాలమీగడ రంగు గరుకు గడ్డ ఉబికి ఉంటుంది. అది కాలస్, గాయం మానే కండ. చాలామంది దాన్నే వేరు మొదలనుకుంటారు. కాలస్ వచ్చినంత మాత్రాన వేరు వస్తుందన్న హామీ లేదు. చాలా మొక్కల్లో వేరు దాన్నుంచి కాక, కాస్త పైన బెరడు చీల్చుకుని బుడిపెలా పొడుచుకొస్తుంది. కాలస్ పెద్ద ఉండలా పెరిగి వేరు రాకపోతే, బ్లేడుతో దాన్ని పైపైన గీరి మళ్లీ నాటడం పనిచేస్తుంది. చూసే సరదా ఒకసారికే పరిమితం చేసుకోవాలి. రోజూ పీకి చూస్తే ఏ కొమ్మా బతకదు.

వేరు పుట్టించడానికి కొమ్మ అడుగున అద్దే హార్మోన్ పొడి అప్పట్లో ఇళ్లలో లేదు. ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం, అదే ఐబీఏ, వేరు పుట్టిస్తుందని అమెరికాలోని బాయిస్ థాంప్సన్ ఇన్‌స్టిట్యూట్‌లో జిమ్మర్‌మన్, విల్‌కాక్సన్‌లు 1935లో ప్రకటించారు. మొక్కలోని సహజ ఆక్సిన్ కంటే ఇది తొందరగా విరిగిపోదు, అందుకే నేటికీ ఇదే వాడుతున్నారు. మోతాదు కొమ్మ ముదురును బట్టి: లేత కొమ్మలకు 500 నుంచి 1000 పీపీఎం (పది లక్షల వంతుల్లో అన్ని వంతులు), నడితరానికి 1000 నుంచి 3000, ముదురు కొమ్మకు 3000 నుంచి పైకి. ద్రావణం చేసుకోవాలంటే 100 మిల్లీగ్రాముల ఐబీఏను 50 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో కరిగించి, నీళ్లు కలిపి మొత్తం 100 మిల్లీలీటర్లు చేస్తే 1000 పీపీఎం వస్తుంది. నేరుగా నీళ్లలో వేస్తే కరగదు. కొమ్మ అడుగు రెండు సెంటీమీటర్లు 5 సెకన్లు ముంచి, ఆరనిచ్చి నాటాలి. పొడి అయితే కావలసినంత కాగితం మీద పోసుకుని అందులో అద్దాలి. డబ్బాలో ముంచితే తడి చేరి మిగతాదంతా చెడుతుంది. అద్దాక తట్టి అదనపు పొడి రాల్చాలి. ఎక్కువేస్తే ఎక్కువ వేర్లొస్తాయన్నది అబద్ధం. మోతాదు మించితే మొదలు నల్లబడుతుంది, పైన మొగ్గలు విచ్చుకోవు.

తేనె, దాల్చినచెక్క పొడి హార్మోన్లు కావు. కోత మీద సూక్ష్మజీవుల్ని కాస్త అడ్డుకుంటాయేమో గానీ వేరును పుట్టించవు. గులాబీ కొమ్మను బంగాళదుంపలో గుచ్చి నాటడం మాత్రం పూర్తిగా వేస్టు. దుంప కుళ్లి కొమ్మనూ తీసుకుపోతుంది. విల్లో అనే చలిదేశపు చెట్టు కొమ్మలు నానబెట్టిన నీటిలో కొంత విషయం ఉంది, ఫలితమే ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. తులసికీ పుదీనాకూ ఇవేవీ అక్కర్లేదు.

గ్లాసులో నీళ్లలో పెట్టే పద్ధతి పిల్లల సరదా కోసమే కాదు. పుదీనా, తులసి, కోలియస్, మనీ ప్లాంట్, గన్నేరు దానితోనే హాయిగా వస్తాయి. రంగు సీసా మేలు, వెలుతురు తగిలితే పాచి పడుతుంది. నీళ్లు రెండు మూడు రోజులకోసారి మార్చాలి, లేకపోతే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. వేర్లు రెండు మూడు సెంటీమీటర్లు రాగానే కుండీలోకి మార్చేయాలి. గుత్తులుగా పెరిగేదాకా మురిసిపోతూ ఉంచితే, నీటికి అలవాటుపడ్డ ఆ పెళుసు వేర్లు మట్టిలో విరిగి, మొక్క వాలిపోతుంది. గన్నేరు పెట్టిన గ్లాసును మళ్లీ తాగడానికి వాడొద్దు, ఆ మొక్క నిలువెల్లా విషం.

గులాబీకి పాతవాళ్ల పరీక్ష ముల్లు. రేకులు రాలిన పువ్వు కింది కొమ్మ మీద ముల్లును బొటనవేలితో పక్కకు నెడితే, శుభ్రంగా ఊడి పచ్చటి మచ్చ మిగలాలి. వంగి చీలితే కొమ్మ ఇంకా లేత, ఊడనే ఊడకపోతే ముదిరిపోయింది. ఎండిన పువ్వు కోసేసి, పైన అయిదు రెక్కల ఆకు ఒకటో రెండో ఉంచి, అడుగున ఒక పక్క రెండు సెంటీమీటర్ల పొడవున బెరడు పైపైన గీరి నాటితే నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. గుత్తిపూల గులాబీలు, తీగ గులాబీలు, చిట్టి గులాబీలు తేలిగ్గా వస్తాయి. పెద్దపూల హైబ్రిడ్లు వచ్చినా సొంత వేర్ల మీద కొన్ని బలహీనంగానే ఉంటాయి, అందుకే నర్సరీలు వాటిని వేరే మొదలు మీద కన్ను అంటుకడతాయి. అలా కట్టిన మొక్క నుంచి కొమ్మ కోసేటప్పుడు అంటు పైనుంచే కోయండి. కింద నుంచి లేచిన కొమ్మ మొదలు జాతిది, పూలు వేరుగా వస్తాయి.

కాగితం పూల దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. నాటిన రెండు మూడు వారాలకు చిగుర్లు నిండుగా వస్తాయి, బతికిందని మూత తీసేసి ఎండలో పెడతారు, వారంలో అంతా ఎండిపోతుంది. ఆ చిగుర్లు చెక్కలోని నిల్వ పిండితో వచ్చినవి, కింద వేరు ఇంకా రాలేదు. చిగురు వచ్చి, ఆగి, మళ్లీ రెండో దఫా ఆకులు వేస్తేనే వేరు పడినట్టు. దీని వేర్లు దారప్పోగుల్లా తెగిపోతాయి కాబట్టి ఒక్కో కొమ్మను ఒక్కో చిన్న సంచిలోనే నాటి, మార్చేటప్పుడు సంచిని కోసి మట్టిగడ్డతో సహా దించాలి.

దేవగన్నేరుది పూర్తిగా ఎదురు లెక్క. 30 సెంటీమీటర్లు దాటిన, బూడిదరంగు బెరడు వచ్చిన కొమ్మను ఆకులు లేనప్పుడు కోసి, పాలు కారి ఆగాక ఒకటి రెండు వారాలు నీడలో ఆరబెట్టాలి. కోత గట్టిపడ్డాక గరుకు ఇసుకలో 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతున పాతి, ఊగకుండా ఊతకర్ర కట్టాలి. నాటేటప్పుడు ఒకసారి తడిపి, ఆకులు విచ్చుకునేదాకా నీళ్లు దాదాపు మానెయ్యాలి. ఇది చచ్చేది ఎప్పుడూ ప్రేమ ఎక్కువై పోసిన నీళ్లతోనే. మూత కూడా వద్దు. ఈ పాలు, క్రోటన్ పాలు చర్మానికీ కంటికీ మంచివి కావు, చేతులు కడుక్కోవాలి.

ఆకుతో వచ్చేవి కొన్ని. స్నేక్ ప్లాంట్ ఆకును 8 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, రెండు మూడు రోజులు ఆరబెట్టి, కింది అంచు కిందికే వచ్చేలా నాటాలి. గుర్తుకు కింద చిన్న గాటు పెట్టుకోండి. పసుపు అంచున్న రకమైతే పిల్లలు అంచు లేకుండా ఉత్త ఆకుపచ్చగా వస్తాయి, అంచు కావాలంటే దుంపను విడదీయడమే. మనీ ప్లాంట్ ఆకును కాడతో నీళ్లలో పెడితే వేర్లొస్తాయి గానీ కణుపు లేదు కనక చిగురు రాదు, అది ఆకుగానే మిగిలిపోతుంది. ఆఫ్రికన్ వయొలెట్‌కు మాత్రం కాడతో ఉన్న ఆకు చాలు, రెండు మూడు నెలలకు కాడ మొదలు దగ్గర పిల్లలు గుంపుగా లేస్తాయి.

పోయిన కొమ్మను పారేసేముందు చూడాలి. మొదలు నల్లబడి మెత్తగా పైకి పాకితే తడి ఎక్కువైంది, లేదా ఇసుక, బ్లేడు మురికి. కొన నుంచి కిందికి ఎండుకొస్తే తడో తేమో తక్కువ. ఆకు పచ్చగానే రాలితే చలి తగిలింది, లేదా ఉన్నచోటు ఒక్కసారిగా మారింది. అన్నిటికంటే కింది ఆకు ఒక్కటి పసుపై రాలితే కంగారు అక్కర్లేదు. ఆకుల మీద బూడిదరంగు బూజు వస్తే గాలి మార్చలేదని అర్థం.

బతికినట్టు తెలియాలంటే కొమ్మను రెండు వేళ్లతో పట్టుకుని సుతారంగా పైకి లాగండి. కదలకుండా బిగుసుకుంటే వేరు పట్టింది. అప్పుడు కూడా మూత ఒక్కసారిగా తీయకూడదు; మొదటి రోజు ఓ గంట, మర్నాడు రెండు గంటలు, అలా వారం పది రోజుల్లో పూర్తిగా. వేరు మూడు సెంటీమీటర్లు అయ్యాక 10 సెంటీమీటర్ల కుండీలోకి. ఒకేసారి పెద్ద కుండీలో పెడితే ఆ మట్టిలోని నీరు తాగే వేర్లు లేక తడి నిలిచిపోతుంది. ఎరువు కొత్త ఆకులు నాలుగైదు వచ్చాకే, అదీ మామూలు మోతాదులో సగం.

కొమ్మతో చెట్టు గుణాలతో పాటు దాని జబ్బులూ వస్తాయి. గోడవతల గులాబీ ఆకుల మీద పసుపు గీతలు వంకరటింకరగా కనిపిస్తే అది మొజాయిక్ వైరస్ కావచ్చు. ఎంత మంచి పువ్వైనా ఆ కొమ్మ అడగొద్దు. దానికి మందు లేదు. మందారం కొమ్మ తెస్తే కణుపుల సందుల్లో తెల్ల పిండినల్లి ఉందేమో చూసి, సబ్బునీళ్లతో తుడిచి, కడిగి నాటండి. ఇక వేరు పట్టిన పిల్లమొక్కకు మొదటి మొగ్గ రాగానే గిల్లేయాలి. గిల్లడానికి మనసొప్పదు గానీ రెండో మొగ్గనూ గిల్లేయాలి, కుండీ అడుగు రంధ్రంలోంచి వేరు కొస కనిపించేదాకా.